రెండుంబావు తులాల డాలరు



2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో, చలామణీ కోసం కొట్టే ఆఖరి పెన్నీ అచ్చుపడింది. 1793లో మొదలైన వరస అక్కడితో ఆగిపోయింది. ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ డల్లాస్ పక్కన ప్లేనోలో ఎవరింటికి వ్రతానికి వెళ్ళినా, పుట్టినరోజుకి వెళ్ళినా నన్ను పక్కకి పిలిచి అడిగే మాట ఒకటే. "మా ఇంట్లో సీసాడు పెన్నీలు పోగుపడి ఉన్నాయండీ. ఇంక కొట్టరట కదా, వాటికి ధర పెరుగుతుందా?" నాకు పాత నాణేల పిచ్చి ఉందని ఈ చుట్టుపక్కల మనవాళ్ళందరికీ తెలుసు లెండి.

పెరగదు. ఏటా వందల కోట్ల చొప్పున కొట్టిన సరుకది. అయినా ఆ సీసా బ్యాంకులో పోసేసే ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని కూర్చోబెట్టుకుని నేల మీద గుమ్మరించండి. 1982కి ముందువి దాదాపు అంతా రాగి, ఒక్కొక్కటి 3.11 గ్రాములు. ఆ ఏడాది మధ్యలో తయారీ మార్చేశారు. లోపల జింకు పెట్టి పైన రాగి పూత పూస్తే బరువు 2.5 గ్రాములకి దిగింది. వంటింట్లో చిన్న తూకం యంత్రం ఉంటే పిల్లలే తేడా చెప్పేస్తారు. వెనకవైపు రెండు గోధుమ వెన్నులుంటే అది 1909కీ 1958కీ మధ్యది, పక్కన పెట్టండి. సీసాలో డైములూ క్వార్టర్లూ కూడా కలిసి ఉంటే వాటి అంచు చూడండి. 1965 నుంచి కొట్టినవాటికి అంచులో రాగి చార కనిపిస్తుంది. 1964దాకా కొట్టినవాటికి ఆ చార ఉండదు. అవి నూటికి తొంభై పాళ్ళు వెండి. పెన్నీల కోసం వెతుకుతుంటే వెండి దొరకడం అంత తరచుగా జరిగేది కాదు కానీ, అసలు జరగనిదీ కాదు.

సంవత్సరం చూశాక చూడవలసింది టంకశాల గుర్తు. మన ఊళ్ళో చిల్లర పోగుచేసిన అలవాటున్నవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా అని చిన్నప్పుడు వెతుక్కున్నవాళ్ళు ఈ ప్రసంగం వినేవాళ్ళలో చాలామందే ఉంటారు. అమెరికాలో ఆ పని అక్షరాలు చేస్తాయి. డి అంటే డెన్వర్, ఎస్ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లియన్స్, జంటగా సిసి అని ఉంటే నెవాడాలోని కార్సన్ సిటీ. పాత నాణేల మీద ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. ఆవగింజంత అక్షరం అది. ధరని వందల రెట్లు పెంచేదీ అదే, దొంగ చెయ్యి పడేదీ దాని మీదే.

1909లో లింకన్ బొమ్మతో కొత్త సెంటు, అదే పెన్నీ, వచ్చింది. చెక్కిన శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెన్నర్. వెనకవైపు అడుగున తన పేరు పొడి అక్షరాలు మూడు, వి డి బి అని చెక్కుకున్నాడు. ఇంత స్పష్టంగా శిల్పి పేరేమిటని గొడవ లేచింది. కొద్దిరోజుల్లోనే ఆ అక్షరాలు తీసేశారు. ఈలోపు ఫిలడెల్ఫియాలో రెండు కోట్ల డెబ్భై తొమ్మిది లక్షల పైచిలుకు కొట్టారు, శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టినవి 4,84,000. రెండు నాణేలకీ తేడా ఆ చిన్న ఎస్ ఒక్కటే. ఇంకేముంది, ఫిలడెల్ఫియా నాణేనికి ఎస్ అతికించే పనివాళ్ళు పుట్టుకొచ్చారు. పట్టుకునేవాళ్ళూ ఊరుకోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మవైపు ఆ నాణేలు కొట్టిన అచ్చులు నాలుగే. కాబట్టి ఎస్ నిలబడగల చోట్లూ నాలుగే. భూతద్దం కింద పెట్టినప్పుడు అక్షరం ఆ నాలుగింటిలో ఏదో ఒక చోట లేకపోతే మిగతా పరీక్ష అక్కర్లేదు.

నాకు ఇంతకంటే ముచ్చటైనది 1914 డెన్వర్ సెంటు సంగతి. కొట్టినవి పదకొండు లక్షల తొంభై మూడు వేలు, దొరకడం కష్టం. 1944 డెన్వర్ సెంటు చూడబోతే నలభై మూడు కోట్లు, ఊరికే దొరుకుతుంది. 1944లో మొదటి నాలుగుని గీకి ఒకటిగా మార్చేస్తే 1914 అయిపోతుంది. గీకినవాడికి తెలియనిదొకటుంది. బ్రెన్నర్ అక్షరాలని 1918లో తిరిగి తెచ్చారు, ఈసారి లింకన్ భుజం అంచున, కంటికి ఆనీ ఆననంతగా. మీ చేతిలో ఉన్న 1914 నాణెంలో లింకన్ భుజం మీద వి డి బి కనిపించిందంటే, తారీఖు ఏం చెప్పినా భుజం నిజం చెప్పేసినట్టే. 1914లో ఆ అక్షరాలకి అక్కడ చోటే లేదు. పాత నాణేన్ని చదవడం అంటే ఇదే. ఒక మూల చెప్పింది ఇంకో మూల ఒప్పుకుంటోందా అని అడగడం.

ఇప్పుడు మన డల్లాస్ చుట్టుపక్కల చుట్టాలున్న ఒక ఐదు సెంట్ల బిళ్ళ కథ చెబుతాను. కాస్త పొడుగు కథే.

లిబర్టీ బొమ్మ ఉన్న నికెల్ 1883 నుంచి 1912 దాకా కొట్టారు. 1913లో దాని బదులు ఎనుబోతు బొమ్మ నికెల్ వచ్చింది. అంటే 1913 తారీఖుతో లిబర్టీ నికెల్ ఉండకూడదు. కానీ ఐదున్నాయి. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో టంకశాల లెక్కల్లో లేదు. ఒకప్పుడు ఫిలడెల్ఫియా టంకశాలలో పనిచేసిన శామ్యూల్ బ్రౌన్ అనే ఆయన 1919 డిసెంబరులో నాణేల పత్రికలో ఒక ప్రకటన వేశాడు. 1913 లిబర్టీ నికెల్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కొక్కటి 500 డాలర్లకి కొంటాను అని. మరుసటేడు చికాగోలో నాణేల సంఘం మహాసభకి వచ్చి, ఇవిగో నాకు దొరికాయి అని చూపించాడు. మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. అప్పట్లోనూ నవ్వే ఉంటారు.

ఆ ఐదూ కలిపి కొన్న షావుకారు ఎడ్వర్డ్ గ్రీన్. కల్నల్ గ్రీన్ అంటారు. అమెరికాలోకెల్లా ధనవంతురాలనీ, అంతకు మించిన పిసినారనీ పేరుబడ్డ హెట్టీ గ్రీన్ కొడుకు. తల్లి కొనిపెట్టిన టెక్సాస్ మిడ్‌లాండ్ రైల్వే నడపడానికి 1893లో టెక్సాస్ వచ్చి, డల్లాస్‌కి తూర్పున ఉన్న టెరెల్‌లో కాపురం పెట్టాడు. టెక్సాస్ రోడ్ల మీద మొదటిసారి మోటారు కారు నడిచింది 1899లో, టెరెల్ నుంచి డల్లాస్‌కి. ఆ కారు ఆయనదే. తల్లి దాచినదాంట్లోంచి కొడుకు స్టాంపుల మీదా నాణేల మీదా పెట్టాడు. 1936లో ఆయన పోయాక ఐదు నికెల్‌లూ తలో దారి పట్టాయి.

ఈలోగా ఫోర్ట్‌వర్త్‌లో మాక్స్ మెహల్ అని ఒక నాణేల వ్యాపారి తయారయ్యాడు. లిథువేనియాలో పుట్టి, చిన్నతనంలోనే ఇక్కడికి వచ్చి, చెప్పుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసి, చివరికి ఫోర్ట్‌వర్త్ మాగ్నోలియా అవెన్యూలో సొంత భవనం కట్టుకున్నవాడు. ఆయన దేశమంతటా పత్రికల్లోనూ రేడియోలోనూ ఒక ప్రకటన ఇచ్చేవాడు. 1913 లిబర్టీ నికెల్ తెచ్చిస్తే 50 డాలర్లిస్తాను, ఎనుబోతు బొమ్మది కాదు సుమా అని. ఆర్థిక మాంద్యం రోజులు, 50 డాలర్లంటే కొన్ని వారాల కూలి. జనం చేతిలోకొచ్చిన ప్రతి నికెల్‌నీ తిప్పి చూడడం మొదలుపెట్టారు. కండక్టర్లు చిల్లర వెతుకుతూ ట్రాములు ఆపేసేవారని కథలు కూడా ఉన్నాయి. మన ప్లేనో పదిహేనో వీధిలో ఇంటర్‌అర్బన్ రైల్వే మ్యూజియం చూసే ఉంటారు. 1908 నుంచి 1948 దాకా డల్లాస్‌కీ షెర్మన్‌కీ మధ్య తిరిగిన కరెంటు రైలు స్టేషనది. ఆ రైల్లో టిక్కెట్టు కొన్న నికెల్‌లలో ఎన్నింటిని కండక్టరు దీపం కింద పెట్టి చూశాడో!

మెహల్‌కి మాత్రం ఒక్కటి కూడా రాదని తెలుసు. ఐదూ ఎవరి దగ్గరున్నాయో ఎరిగినవాడే. ఆయన అమ్ముకున్నది నాణేల ధరల పుస్తకం, ఒక డాలరుకి ఒకటి. ఫోర్ట్‌వర్త్ పోస్టాఫీసుకి వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఆయన పేరు మీదే వచ్చేవని చెప్పుకునేవారు. మోసమందామా? పుస్తకంలో ధరలు నిజమైనవే, దాన్ని చూసి నాణేలు పోగుచెయ్యడం నేర్చుకున్నవాళ్ళు ఒక తరమంతా ఉన్నారు. నన్నడిగితే అమెరికాలో ఇంటింటికీ ఈ పిచ్చి అంటించినవాడు ఆయనే.

ఐదింటిలో ఒకటి జార్జ్ వాల్టన్ అనే సేకర్తకి చేరింది. 1962 మార్చి 9న ఆయన నార్త్ కరోలినాలో ఒక నాణేల ప్రదర్శనకి కారులో వెళుతూ ప్రమాదంలో చనిపోయాడు. ఆయన సేకరణని వేలానికి పెట్టినప్పుడు ఈ నికెల్‌ని చూసిన నిపుణులు, ఇది అసలుది కాదు, తారీఖు మార్చినది అని తేల్చారు. వెల లేనిదని తిరిగి ఇంటికి పంపేశారు. వర్జీనియాలో ఉండే ఆయన సోదరి దాన్ని పారెయ్యలేదు. బట్టల అలమరలో ఒక పెట్టెలో పెట్టింది. ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉంది. ఆవిడ 1992లో పోయింది, నాణెం పిల్లలకి వచ్చింది.

2003లో బాల్టిమోర్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ మహాసభ జరిగింది. మిగతా నాలుగు నికెల్‌లనీ అక్కడ ఒకచోట చేర్చి ప్రదర్శిస్తున్నారు. ఐదోది తెచ్చినవారికి పది లక్షల డాలర్లని ఒక వేలం సంస్థ ప్రకటించింది. వాల్టన్ వారసులు ఆ వెల లేని బిళ్ళని పట్టుకుని వెళ్ళారు. జులై నెలలో ఒక రాత్రి ఆరుగురు నిపుణులు తలుపులేసుకుని ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. అసలుదే అన్నారు. పదేళ్ళ తర్వాత, 2013 ఏప్రిల్ 25న, మన డల్లాస్ కేంద్రంగా ఉన్న హెరిటేజ్ ఆక్షన్స్ దాన్ని వేలం వేస్తే 31,72,500 డాలర్లు పలికింది.

లోహం అదే, తారీఖు అదే. నలభై ఒక్కేళ్ళలో ఆ బిళ్ళలో రవ్వంత కూడా మారలేదు. మారింది చూసినవాళ్ళ మాట. 1962లో చూసినవాళ్ళు అసమర్థులని నేను అనను. వాళ్ళ ముందు ఒక్క నాణేమే ఉంది, పక్కన పోల్చడానికి మిగతా నాలుగూ లేవు. అసలూ నకిలీ తేల్చడంలో సగం పని ఆ పోలికే. మందం కొలిచే పరికరాలు, ఎక్స్‌రే యంత్రాలు ఎన్నొచ్చినా అసలు నాణేన్ని వందసార్లు చూసిన కన్నుకి సాటి రావు.

అసలుదని తేలాక రెండో ప్రశ్న, ఎంత బాగుంది? దానికే గ్రేడింగ్ అని పేరు. ఒకటి నుంచి డెబ్భై దాకా అంకె వేస్తారు. మనవాళ్ళకి మార్కుల సంగతి కొత్తగా చెప్పాలా? అరవై ఐదు వచ్చిన నాణేన్ని చూసి "మిగతా ఐదూ ఎక్కడ పోయాయి" అని అడిగే తండ్రులు ఈ ప్రసంగం వింటూనే ఉండి ఉంటారు. ఆ డెబ్భై ఎక్కడిదంటే, విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో పాత రాగి సెంట్ల మీద రాసిన పుస్తకంలోది. బాగా అరిగిపోయి ఏ నాణెమో పోల్చుకోగలిగితే చాలు అన్నంత దశలో ఉన్నది ఒక డాలరు చేస్తే, టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టున్నది డెబ్భై డాలర్లు చేస్తుంది, ఇదీ ఆయన లెక్క. కొన్నేళ్ళకే ధరలు ఆ లెక్కని దాటిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. ఇందులో ఒక వింత ఉంది. షెల్డన్ పోయిన తర్వాత తేలిందేమిటంటే, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండాగారంలో ఉన్న మంచి సెంట్లని తీసుకుని, వాటి చోట తన దగ్గరున్న తక్కువరకం పెట్టేవాడట. ఏ నాణెం ఎంత మంచిదో అంత బాగా తెలిసినవాడు కదా మరి!

ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా వాడకంలో అరిగినవి. అరవై నుంచి డెబ్భై దాకా వాడని నాణేలు, మింట్ స్టేట్. అరుగుడు ముందు కనిపించేది ఎత్తు చోట్ల. మోర్గాన్ డాలర్ మీదైతే లిబర్టీ చెవి పైనున్న జుట్టు, వెనకవైపు గద్ద రొమ్ము. దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పితే వెలుగు చక్రంలా తిరగాలి. అచ్చు ఒత్తిడికి లోహం లోపల నుంచి అంచుకి పాకినప్పుడు పడే సన్నటి గీతల వల్ల వచ్చే మెరుపది. ఒక్కసారి రుద్దితే పోతుంది, మళ్ళీ రాదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. దయచేసి నాణేల్ని తోమకండి! పండగొస్తే వెండి సామానంతా విబూదితో, రాగి చెంబులు చింతపండుతో తళతళలాడించడం మన చేతుల్లో ఉన్న గుణం. నాణెం విషయంలో ఆ చేతులు కట్టేసుకోవాలి. నూరేళ్ళ నల్లదనం ఉన్న డాలర్‌ని తోమితే అది కొత్తదవ్వదు, తోమిన పాతదవుతుంది. గ్రేడింగ్ కంపెనీవాళ్ళు దానికి అంకె వెయ్యకుండా "అసలుదే కానీ తోమినది" అని రాసి పంపుతారు. కాసులపేరులో వేసుకోవడానికి కొక్కెం అతికించి తీసేసిన నాణేలకీ అదే గతి. ఇంట్లో అలాంటివి ఉంటే వాటి విలువ వేరే, అమ్మకపు ధరతో కొలిచేది కాదు, అలాగే ఉంచుకోండి.

అంకె వేసేవాళ్ళెవరంటే, 1986 దాకా చాలావరకు అమ్మేవాడిదే మాట. కొనేటప్పుడు అరవై, అమ్మేటప్పుడు అరవై ఐదు. ఆ ఏడాది పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చాయి. నాణేన్ని ఒకరి తర్వాత ఒకరు, ఒకరి అంకె ఒకరికి తెలియకుండా చూసి, చివరికి ఒక అంకె ఖాయం చేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు చేస్తారు. స్లాబ్ అంటారు దాన్ని. నాణేనికి కొన్ని పదుల డాలర్ల రుసుము. దీనివల్ల మంచే జరిగింది. చూడని నాణేన్ని కూడా ఫోన్లో కొనే ధైర్యం వచ్చింది. కానీ అది తీర్పే, తూకం కాదు. డబ్బా పగలగొట్టి అదే నాణేన్ని మళ్ళీ పంపితే ఈసారి ఒక అంకె ఎక్కువ రావచ్చు. ఆ ఒక్క అంకెకి వేల డాలర్ల తేడా ఉండే నాణేలున్నాయి కాబట్టి, పగలగొట్టి పంపడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 1884 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్ అరిగిపోయినదైతే మామూలు మోర్గాన్ కంటే కాస్త ఎక్కువకే దొరుకుతుంది. వాడకుండా మిగిలిన మేలురకమైతే లక్షల డాలర్లలో మాట. కొట్టినవి ముప్ఫై రెండు లక్షలే అయినా, దాదాపు అన్నీ జనం జేబుల్లో తిరిగేశాయి.

మోర్గాన్ డాలర్ అని ఇందాకట్నుంచి అంటున్నాను. 1878 నుంచి 1904 వరకూ, మళ్ళీ 1921లో కొట్టిన వెండి డాలర్. చెక్కినవాడు జార్జ్ మోర్గాన్. అన్నా విలియమ్స్ అనే ఫిలడెల్ఫియా పంతులమ్మ ముఖాన్ని చూసి లిబర్టీ ముఖం చెక్కాడు. 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్లు, నూటికి తొంభై పాళ్ళు వెండి. ఒకసారి మా స్నేహితుడి మావగారు తెనాలి నుంచి వచ్చి ఉండగా ఆయన చేతిలో ఒకటి పెట్టాను. ఆయన ముఖం చూడలేదు, తారీఖు చూడలేదు. అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "రెండుంబావు తులాలు దాటుతుందోయ్" అన్నారు. లెక్కేసి చూస్తే సరిగ్గా అంతే. మన పాత తులం అంటే ఒక వెండి రూపాయి ఎత్తు, 180 గ్రెయిన్లు. డాలరు ఎత్తు 412.5 గ్రెయిన్లు. తూకం యంత్రం లేనివాళ్ళకి అదొక పరీక్ష!

ఆయన అలా రూపాయితో తూచారు కానీ, ఈ రెండు నాణేలకీ మధ్య అంతకంటే దగ్గర చుట్టరికం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశంలో వెండికి కటకట వచ్చింది. యుద్ధానికి సరుకులు కొన్నందుకు బ్రిటిష్ ప్రభుత్వం రూపాయలివ్వాలి, రూపాయి కొట్టడానికి వెండి లేదు. 1917 నవంబరు 30న మొట్టమొదటిసారి ఒక రూపాయి నోటు అచ్చేశారు. కాగితాన్ని ఎవరు నమ్ముతారు? నోట్లు తెచ్చి, వెండి రూపాయలివ్వమని జనం ఖజానాల ముందు నిలబడ్డారు. మరికొన్ని వారాలైతే ఖజానా ఖాళీ అనే పరిస్థితిలో బ్రిటన్ అమెరికా తలుపు తట్టింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పెట్టిన బిల్లు 1918 ఏప్రిల్ 23న చట్టమైంది. అమెరికా ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లని కరిగించారు. మొత్తం 27,02,32,722. అందులో 25,91,21,554 డాలర్ల వెండి కడ్డీలుగా ఓడలెక్కి మన దేశం చేరింది. ఔన్సు ఒక డాలరు చొప్పున అమ్మారు. బొంబాయి, కలకత్తా టంకశాలల్లో అది ఐదో జార్జి బొమ్మ రూపాయలైంది. మీ ఇంట్లో బామ్మ పెట్టెలో 1918 రూపాయి ఉంటే, అందులో పంతులమ్మ అన్నా విలియమ్స్ ముఖం కరిగి ఉండే అవకాశం బాగా ఉంది.

సేకర్తకి ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. కరిగించినవి ఏ సంవత్సరానివి, ఏ టంకశాలవి అని ఎవరూ రాసుకోలేదు. కాబట్టి ఫలానా ఏడాది ఇన్ని లక్షలు కొట్టారన్న లెక్క చూసి అరుదో కాదో చెప్పలేం. 1903 న్యూ ఆర్లియన్స్ డాలర్ అలాగే దశాబ్దాల పాటు మహా అరుదని పేరుపడింది, కరిగిపోయి ఉంటుందనుకున్నారు. 1962 చివర్లో ఖజానావాళ్ళు సీలు వేసిన సంచులు విప్పేసరికి అవే నాణేలు సంచులకి సంచులు బయటపడ్డాయి. పదిహేను వందలు పెట్టి కొనుక్కున్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

ఈ డాలర్లకే నకిలీలు ఎక్కువ. టెక్సాస్‌లోని కాంటన్‌లో నెలనెలా జరిగే ఫస్ట్ మండే సంతలో బల్ల మీద పోసి అమ్మే "పాత డాలర్ల" దగ్గర కాసేపు నిలబడండి. 1905 నుంచి 1920 దాకా మోర్గాన్ డాలర్లు కొట్టలేదని గుర్తుంటే చాలు, కొన్ని చూడగానే పోతాయి. జేబులో ఒక అయస్కాంతం ఉంచుకోండి, వెండి అంటుకోదు. ఇంటికి తెచ్చాక దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచండి. అసలుదైతే రెండున్నర గ్రాముల పైచిలుకు తగ్గాలి, దాని సాంద్రత 10.34. అమెరికాలో 1973 నుంచి చట్టమే ఉంది, నమూనా నాణేల మీద కాపీ అని కొట్టాలని. విదేశాల నుంచి వచ్చే సరుకు మీద ఆ మాట చాలాసార్లు ఉండదు. ఈమధ్య స్లాబ్‌లకే నకిలీలు వస్తున్నాయి. అందుకని డబ్బా మీది నంబరుని కంపెనీ యాప్‌లో వేసి, వాళ్ళు తీసిన ఫోటోలోని గీతలూ మచ్చలూ మీ నాణెం మీదివీ ఒకటేనా చూసుకోవాలి.

ఇవన్నీ దాటిపోయిన నకిలీ ఒకటుంది. 1896, 1900, 1902 తారీఖులతో, మామూలుకంటే చిన్న ఓ అక్షరం ఉన్న న్యూ ఆర్లియన్స్ డాలర్లు. సేకర్తలు వాటిని అరుదైన రకమని ఏళ్ళ తరబడి ఎక్కువ ధరకి కొన్నారు, గ్రేడింగ్ కంపెనీ డబ్బాల్లో కూడా పెట్టింది. 2005లో పీసీజీఎస్సే చెప్పింది, అవి ఆ రోజుల్లోనే కొట్టిన దొంగ నాణేలని. వేరు వేరు సంవత్సరాల నాణేల మీద ఒకే గాట్లు ఉండడం పట్టిచ్చింది. తమాషా ఏమిటంటే వాటిలో వెండి తక్కువేమీ లేదు. ఆ కాలంలో డాలరులో ఉన్న వెండి ఖరీదు సగం డాలరే. అసలు వెండితో కొట్టినా దొంగకి రూపాయికి రూపాయి లాభం. తూకం, అయస్కాంతం, నీళ్ళ పరీక్ష, అన్నీ నెగ్గేస్తుంది. ఇప్పుడు ఆ దొంగ డాలర్లని వెతుక్కుని మరీ పోగుచేసేవాళ్ళున్నారు. నేను ఆ జట్టులో లేను కానీ వాళ్ళని తప్పు పట్టను.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవారికి గ్రేప్‌వైన్‌లో జరిగే నాణేల ప్రదర్శనలు మంచి బడి. కొనకపోయినా ఫరవాలేదు, అడిగితే భూతద్దం ఇచ్చి చూపిస్తారు. ఒక మర్యాద ఉంది, నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి, బల్ల మీది మెత్తటి గుడ్డ పైనే ఉంచి చూడాలి. టెక్సాస్‌లో 2013 అక్టోబరు నుంచి నాణేల మీద అమ్మకం పన్ను లేదు. మొదటి నాణెం ఏది కొనాలని అడిగితే, నేను 1921 మోర్గాన్ అంటాను. పిట్‌మన్ చట్టంలో ఒక షరతుంది. కరిగించినన్ని డాలర్లు మళ్ళీ కొట్టి ఖజానాలో పెట్టాలని. పాత అచ్చులు అప్పటికే నాశనం చేసేశారు కాబట్టి కొత్తవి చెక్కించి ఆ ఒక్క ఏడాదే ఎనిమిది కోట్ల అరవై ఏడు లక్షలు కొట్టారు. మోర్గాన్లలో అన్నిటికంటే తేలిగ్గా దొరికేది అదే. జుట్టు గీతలు కాస్త చప్పగా ఉంటాయని పెద్ద సేకర్తలు చిన్నచూపు చూస్తారు, దానివల్ల ధర మనకి అందుబాటులో ఉంటుంది. కొనేటప్పుడు వెనకవైపు గద్ద కింద ఉన్న ముడికి దిగువన డి అక్షరం ఉందేమో చూడండి. ఆ కాలపు మోర్గాన్లలో డెన్వర్‌లో కొట్టినవి ఆ ఒక్క సంవత్సరమే.